బేస్‌బాల్ అంపైర్‌కి కాళ్ల గార్డులు ఎలాంటివి తీసుకోవాలి?

మా అబ్బాయి అమెరికాలో స్కూల్ పిల్లల మ్యాచ్‌లకి అంపైరింగ్ మొదలుపెట్టాడు, ఏ గార్డులు కొనాలి అని అడిగారు.

క్యాచర్‌వి, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ఆటగాడివి మాత్రం వద్దండి. అతను ప్యాంటు పైన కట్టుకుంటాడు, అంపైర్ లోపల వేసుకోవాలి. గార్డులు లావుగా ఉంటే ప్యాంటు పట్టదు. అందుకే ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోట నేల మీద ఉండే పలక) వెనక నిలబడే అంపైర్లకి వదులు ప్యాంట్లు విడిగా అమ్ముతారు.

అసలు సంగతి పొడవు. మోకాలి చిప్ప మధ్య నుంచి చీలమండ దాకా కొలవండి. 16 అంగుళాల కాలికి 17 కొంటే, వంగిన ప్రతిసారీ కింది అంచు బూటు మీద నొక్కుతుంది, పైది తొడలో గుచ్చుకుంటుంది. షాపులో వేసుకుని పదిసార్లు వంగి లేవమనండి, సిగ్గుపడక్కర్లేదు!

పట్టీల కొక్కేలు కాలి బయటివైపుకే రావాలి. లోపలివైపు ఉంటే ఒకదానికొకటి తగులుకుని పడేస్తాయి. పిక్క దగ్గర పట్టీ కాస్త వదులుగా ఉంచితే తిమ్మిరెక్కదు.