డివిడెండ్ కోసం ముందురోజు కొని మరునాడు అమ్మితే లాభమా?

ఎక్స్-డేట్‌కు, అంటే ఆ రోజు నుంచి కొన్నవారికి డివిడెండ్ (కంపెనీ లాభాల్లోంచి వాటాదారులకు పంచే డబ్బు) అందని తేదీకి, ఒక రోజు ముందు షేరు కొని, డివిడెండ్‌కు అర్హత సంపాదించుకుని, మరునాడే అమ్మేస్తే ఏమైనా మిగులుతుందా అనీ, డివిడెండ్ రద్దయితే ధర ఎందుకు పడుతుందనీ మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబును నేను సొంత డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను.

2023 ఫిబ్రవరిలో ఒక కంపెనీ షేరుకు 16 రూపాయల మధ్యంతర డివిడెండ్ ప్రకటించింది. "ఈ రోజే ఆఖరు" అంటూ బ్రోకరు యాప్‌లో సందేశం వచ్చింది. మార్కెట్ మూసే అరగంట ముందు, ఆఫీసు మెట్ల మీద నిలబడి, 300 రూపాయల చొప్పున 500 షేర్లు కొని, ఒక్క రాత్రిలో 8,000 రూపాయలు సంపాదించానని ఇంట్లో చెప్పుకున్నాను కూడా. మరునాడు ఉదయం 9.15కు ఆ షేరు 283 దగ్గర మొదలైంది. కంపెనీ గురించి చెడ్డ వార్త ఏదీ లేదు. కంపెనీ ఖజానాలోంచి షేరుకు 16 రూపాయలు బయటికి పోబోతున్నప్పుడు, ఆ డబ్బు అందని కొత్త కొనుగోలుదారు పాత ధర ఎందుకిస్తాడు? మిగతా ఒక్క రూపాయి ఆ రోజు మార్కెట్ నీరసం. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుగా కంగారుపడి అక్కడే అమ్మేశాను. నష్టం 8,500.

కొన్ని వారాల తరువాత ఖాతాలో 7,200 జమ అయింది. ఒక కంపెనీ నుంచి ఏడాదిలో వచ్చే డివిడెండ్ 5,000 దాటితే పది శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసేవారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి 10,000 అయింది. అసలు దెబ్బ రిటర్ను వేసేటప్పుడు తగిలింది. డివిడెండ్ మొత్తం నా ఆదాయంలో కలిసి శ్లాబు ప్రకారం పన్ను పడుతుందనీ, షేర్ల మీద వచ్చిన నష్టం మూలధన నష్టం కనుక దాన్ని డివిడెండ్‌లోంచి తీసివేయడం కుదరదనీ, కావాలంటే ఎనిమిదేళ్ల వరకు మూలధన లాభాల్లోంచి తీసివేసుకోవచ్చనీ ఆడిటర్ గారు తాపీగా చెప్పారు. 2020 మార్చి వరకు డివిడెండ్ పన్ను కంపెనీయే కట్టేది. ఇప్పటికీ తిరుగుతున్న ఈ "చిట్కా" ఆ కాలం నాటి పాచి సరుకు. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ రుసుము రాబట్టుకునే బ్రోకర్లకు మాత్రం అది ఎప్పటికీ తాజాగానే ఉంటుంది.

కొన్నాళ్లాగితే ధర కోలుకుంటుందని కొందరంటారు. కోలుకుంటే అది మార్కెట్ పెరుగుదలే తప్ప డివిడెండ్ మహిమ కాదు. వెయ్యి రూపాయల షేరుకు రూపాయో రెండో ఇచ్చినప్పుడు ఆ తగ్గుదల రోజువారీ ఒడిదుడుకుల్లో కలిసిపోయి కంటికి కనబడదు, అంతే.

ఇక రద్దు సంగతి. తుది డివిడెండ్‌ను బోర్డు సిఫారసు మాత్రమే చేస్తుంది. వాటాదారుల సభ ఆమోదించాకే అది కంపెనీ మీద అప్పు అవుతుంది, 30 రోజుల్లో చెల్లించాలి. రద్దయితే ధర పడి తీరుతుందని నేను ఒప్పుకోను. బ్రిటన్ నియంత్రణ సంస్థ కోరిక మీద హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకు తన డివిడెండ్ రద్దు చేస్తే, 2020 ఏప్రిల్ 1న హాంకాంగ్‌లో ఆ షేరు 9 శాతానికి పైగా పడింది. అక్కడ ఎందరో విశ్రాంత ఉద్యోగులు దాన్ని పింఛనులా నమ్ముకున్నారు. అదే నెల 17న మన రిజర్వు బ్యాంకు కూడా బ్యాంకుల డివిడెండ్లు ఆపమంది. కానీ ఆ రోజు మన బ్యాంకు షేర్లు బాగా పెరిగాయి, ఎందుకంటే అదే ప్రకటనలో రివర్స్ రెపో రేటును (బ్యాంకులు తన దగ్గర దాచే డబ్బుకు ఇచ్చే వడ్డీని) 3.75 శాతానికి తగ్గించి వాటిని అప్పులివ్వడం వైపు నెట్టింది, పైగా మన దగ్గర బ్యాంకు షేర్లను డివిడెండ్ కోసం కొనేవారు తక్కువ.

ఆ తక్కువమందిలో మా నాన్నగారు ఒకరు. ఆ ఆగస్టులో పాస్‌బుక్ ముద్రించుకుని వచ్చి, ఏటా కనిపించే ఆ ఒక్క పద్దు కోసం రెండుసార్లు వెతికారు. షేరు ధర ఏప్రిల్ కంటే పెరిగిందని నేను చెబితే, "నేను అమ్మనప్పుడు ధర నాకెందుకురా?" అన్నారు.