నెత్తురు చుక్కను కొలిచి రాయి

పర్లాకిమిడి

తమ్ముడూ,

గుణుపురం మీద నువ్వు రాసిన కథ చదివాను. వంశధార గట్టు, తెలుగూ ఒడియా కలిసిపోయిన ఆ మాటలు చక్కగా కుదిరాయి. ఇన్‌స్పెక్టరు గదిలోకి అడుగుపెట్టాకే కథ చెడింది. తలుపు మీది నెత్తురు చూసి "హంతకుడు ఆరడుగుల మనిషి, ఎడమచేతి వాటం" అనేశాడు. మరకలు అంత మాట చెప్పవు.

అతనిచేత కొలిపించు. నిట్టనిలువుగా తగిలిన చుక్క గుండ్రంగా ఉంటుంది. ఏటవాలుగా తగిలితే సాగుతుంది, దాని తోక చుక్క వెళ్లిన దిక్కు చూపిస్తుంది. వెడల్పును పొడవుతో భాగిస్తే తగిలిన కోణానికి సైన్ విలువ వస్తుంది: 4 మిల్లీమీటర్ల వెడల్పు, 8 పొడవు అయితే 30 డిగ్రీలు. పొడవులో తోకను కలపకూడదు, కలిపితే కోణం తగ్గిపోతుంది. ఇలా కొన్ని మరకల నుంచి వెనక్కి దారాలు లాగితే అన్నీ ఒక చోటికి చేరతాయి. నెత్తురు చిందింది ఆ చుట్టుపక్కలే. చుక్క గాలిలో వంగుతూ వస్తుంది కాబట్టి దారం చూపే ఎత్తు అసలుకన్నా ఎక్కువే ఉంటుంది. దారం రెండడుగులు చూపిందంటే తలకు తగిలిన గాయం అంతకన్నా కిందే. దెబ్బ తగిలేటప్పుడు ఆ తల నిలబడిన మనిషిది కాదు. ఇక్కడిదాకా రాయి. కొట్టింది ఎవరో మరక చెప్పదు.

నీ కథలో నేల పేడతో అలికింది. గరుకు నేల మీద చుక్క అంచులు ముళ్లలా చీలిపోతాయి, నెత్తురు ఇంకిపోతుంది. ఆ కొలతలు నమ్మడానికి లేదు. రంగేసిన తలుపు చెక్క నయం.

ఇసుకలో చెప్పు గుర్తుకు ముందు ఫొటో: పక్కన స్కేలు, కెమెరా తిన్నగా పైనుంచి, టార్చి నేలబారుగా. తర్వాత డెంటల్ స్టోన్, అంటే పళ్ల డాక్టర్లు అచ్చులకు వాడే పొడి. సుమారు 900 గ్రాములకు 300 మిల్లీలీటర్ల నీళ్లు, అట్ల పిండిలా. గుర్తు మీద పోయకూడదు, ఇసుక చెదురుతుంది. పక్కన పోసి లోపలికి పారనివ్వాలి. కనీసం అరగంట ఆగి ఎత్తాలి.

నువ్వు ఆ సాయంత్రమే అచ్చును బ్రష్షుతో తోమించావు. పచ్చి అచ్చును తోమితే గీతలే అరిగిపోతాయి. రెండు రోజులు ఆరనివ్వాలి. ఆరాక కూడా కంపెనీ, సైజు కలిస్తే చాలదు, అలాంటి జతలు సంతలో బోలెడు. అడుగున తెగిన గాటు, గుచ్చుకున్న రాయి, అరిగిన మడమ కలవాలి. ఇంకోటి, గుణుపురం ఒడిశాలోది. అచ్చు వెళ్లేది ఒడిశా ల్యాబుకే, విశాఖకు కాదు.

అచ్చు ఆరే ఆ రెండు రోజులూ చెప్పుల మనిషి ఊళ్లోనే, అదే జతతో తిరుగుతుంటాడు. ఆ భాగం రాసి పంపు.