బ్రిటన్‌లో మామూలు జనం రాజకీయాల గురించి ఏమనుకుంటారు? మనవాళ్ళంటే నిజంగానే కోపమా?

ఈ ప్రశ్న అడిగినవారు సెప్టెంబర్‌లో ఇక్కడికి చదువుకి రాబోతున్నారట. వార్తలు చూసి ఇంట్లో అమ్మానాన్నలు కంగారు పడుతున్నారట. నేను 2021లో మాస్టర్స్‌కి వచ్చాను. అప్పటినుంచీ ఇంగ్లండ్ ఈశాన్యంలోని మిడిల్స్‌బ్రోలోనే ఉంటున్నాను. లండన్ వేరు, ఈ ఊరు వేరు. నాకు తెలిసింది ఈ ఊరే, అదే చెబుతాను.

ఇది ఉక్కు మీద బతికిన ఊరు. పక్కనే రెడ్‌కార్‌లో ఉన్న ఉక్కు ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. మరుసటి ఏడాది బ్రెగ్జిట్ రెఫరెండంలో దేశం మొత్తమ్మీద 52 శాతం మంది యూరోపియన్ యూనియన్‌ నుంచి బయటికి వచ్చేద్దామంటే, ఇక్కడ ఆ మాట అన్నవాళ్ళు 65 శాతం. విశాఖ ఉక్కు పేరెత్తితే మనవాళ్ళ గుండె ఎందుకు కొట్టుకుంటుందో తెలిసినవాళ్ళకి ఈ ఊరి మనసు తొందరగానే అర్థమవుతుంది.

మా పక్కింటి పెద్దాయన ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారు. ఆయనతో రాజకీయాలు ఎప్పుడు మాట్లాడినా పార్టీ పేరుతో మొదలవదు. పొద్దున ఎనిమిదింటికి డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే ఎంతసేపు వెయిట్ చేయించారు, వీధి చివర గుంత ఎప్పుడు పూడుస్తారు, గ్యాస్ బిల్లు ఎంతొచ్చింది... ఇవే. 2024 జూలైలో కొత్తగా గెలిచిన లేబర్ పార్టీ ప్రభుత్వం పెన్షనర్లకి చలికాలంలో హీటింగ్ కోసం ఇచ్చే డబ్బుని బాగా పేదవాళ్ళకే పరిమితం చేసింది. చిన్న ఉద్యోగ పెన్షన్ వస్తుంది కాబట్టి ఆయనకి రావాల్సిన 200 పౌండ్లు ఆగిపోయాయి. ఆ చలికాలం నేను వెళ్ళినప్పుడల్లా ఆయన కోటు వేసుకునే సోఫాలో కూర్చుని ఉండేవారు, మోకాళ్ళ మీద దుప్పటి. 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35 వేల పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్ళందరికీ మళ్ళీ ఇస్తామంది. ఆ ఒక్క చలికాలాన్ని మాత్రం ఆయన ఇంకా మర్చిపోలేదు. మర్చిపోవాలని నేనూ అనను.

ఇక వలసల సంగతి. ఇక్కడ చాలామంది దృష్టిలో చిన్న పడవల్లో ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చేవాళ్ళూ, వీసా తీసుకుని వచ్చే మనమూ ఒకటే. 2024లో పడవల్లో వచ్చినవాళ్ళు దాదాపు 37 వేల మంది. వీసాల మీద వచ్చేవాళ్ళు దానికి ఎన్నో రెట్లు. టీవీలో మాత్రం రోజూ పడవలే కనిపిస్తాయి. ఒకరోజు పెద్దాయన "మీకు ఆస్పత్రి ఫ్రీ కదా" అన్నారు. 2024 మార్చిలో స్కిల్డ్ వర్కర్ వీసాకి అప్లై చేసినప్పుడు కట్టిన హెల్త్ సర్‌ఛార్జ్ (ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికి వీసాతో పాటు కట్టే రుసుము) రసీదు ఫోన్‌లో తీసి చూపించాను. ఏడాదికి 1,035 చొప్పున మూడేళ్ళకి 3,105 పౌండ్లు, ముందే కట్టాలి. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "జీతంలో ట్యాక్స్ కూడా కోస్తారు కదా?" అని అడిగారు. అవునన్నాను. ఈ సంగతి తనకి ఎవరూ చెప్పలేదన్నారు. (స్టూడెంట్‌కి ఏడాదికి 776 పౌండ్లు. మీ బడ్జెట్‌లో ఇప్పుడే రాసుకోండి.)

మీ ఇంట్లోవాళ్ళు భయపడుతున్నది 2024 ఆగస్టు అల్లర్ల గురించే అనుకుంటాను. ఇంగ్లండ్‌లోనే సౌత్‌పోర్ట్ అనే ఊళ్ళో ముగ్గురు చిన్నపిల్లల్ని చంపినవాడు పడవలో వచ్చినవాడని అబద్ధపు ప్రచారం జరిగింది. నిజానికి అతను కార్డిఫ్‌లో పుట్టినవాడు. ఆగస్టు 4, ఆదివారం, ఆ మంట మా ఊరికీ వచ్చింది. ఇళ్ళ అద్దాలు పగలగొట్టారు. కార్లు ఆపి, నడిపేవాళ్ళు తెల్లవాళ్ళేనా అని అడిగారు. నేను లైట్లు ఆపేసి పైగదిలో కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేస్తే ఏమీ లేదని అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం పెద్దాయన తలుపు కొట్టి, "నీ చెత్త బిన్ నేను బయట పెడతాను, నువ్వు బయటికి రాకు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఊరి జనం చీపుర్లు, చేతొడుగులు తీసుకుని వీధుల్లోకి వచ్చారు. నేనూ వెళ్ళాను. ముక్కూ మొహం తెలియని ఒకావిడ తన చేతొడుగుల్లో ఒకటి తీసి నాకిచ్చింది. ఇద్దరం చెరో చేత్తో ఒక ఇంటి ముందున్న పొదలోంచి గాజుముక్కలు ఏరాం. రెండూ ఈ ఊరే. మొదటిది దాచి రెండోదే చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టు అవుతుంది.

అదే పెద్దాయన అంతకు నెల ముందు, జూలై 4 ఎన్నికల్లో, అత్యవసరం కాని వలసలన్నీ ఆపేస్తామనే రిఫార్మ్ పార్టీకి ఓటు వేశారట. తర్వాత ఆయనే చెప్పారు. నాకు చాలా బాధేసింది, రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఆయన బాధ ఇంకొకటి. 14 శాతం ఓట్లు వస్తే రిఫార్మ్‌కి దక్కినవి ఐదు సీట్లు. 34 శాతంతో లేబర్‌కి 650లో 411. మన దగ్గరలాగే ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలిచే పద్ధతి కదా. "నా ఓటు ఎటు పోయింది?" అన్నారు. ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదీ: ఆ ఎన్నికల్లో నేనూ ఓటు వేశాను, ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే. భారత్ కామన్‌వెల్త్ దేశం కాబట్టి, ఇక్కడ నివసించే మనకి పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటు ఉంది, స్టూడెంట్ వీసా అయినా సరే. ఆ ఏడాది మేలోనే ఆంధ్రాలో ఎన్నికలు జరిగితే, విమానం ఖర్చు పెట్టుకుని వెళ్ళలేక మా ఊళ్ళో ఓటు వేయలేకపోయాను. అక్కడ పోలింగ్ 80 శాతం దాటింది, ఇక్కడ 60 దగ్గరే ఆగింది. పోలింగ్ బూత్‌లో క్యూ లేదు, వేలికి సిరా లేదు. ఒకామె స్కేలు పెట్టి లిస్టులో నా పేరు కొట్టేసి బ్యాలెట్ కాగితం ఇచ్చింది. దారం కట్టిన పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టాను. చెయ్యి కొద్దిగా వణికింది.

పర్మనెంట్ రెసిడెన్సీకి అప్పటిదాకా ఉన్న ఐదేళ్ళని పదేళ్ళు చేస్తామని 2025 మేలో ప్రభుత్వం ప్రకటించింది. మా ఆఫీసులో తెలుగువాళ్ళందరికీ అదే టెన్షన్. అయినా వాళ్ళలో చాలామంది ఓటరుగా నమోదే కాలేదు, అసలు హక్కు ఉందనే తెలీదు. మన జీవితాన్ని మార్చే రూల్స్ చేసేది ఈ ఎంపీలే. చాలామంది ఎంపీలు తమ నియోజకవర్గం జనాన్ని కలుస్తుంటారు, అక్కడ ఉండేవాళ్ళు ఎవరైనా వెళ్ళి మాట్లాడొచ్చు.

రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఐదు నిమిషాల పని. అడ్రస్, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ (ఇక్కడ ఉద్యోగానికి, ట్యాక్స్‌కి వాడే నంబర్) అడుగుతారు. ఓటరు లిస్టులో పేరుంటే అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చేసే క్రెడిట్ చెక్‌లోనూ పనికొస్తుంది. పోలింగ్ రోజు పాస్‌పోర్ట్ తీసుకెళ్ళడం మర్చిపోవద్దు, ఫోటో గుర్తింపు లేకపోతే ఓటు వేయనివ్వరు. పోలింగ్‌కి 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది కాబట్టి, వచ్చి ఇల్లు కుదరగానే పేరు ఎక్కించుకోండి.