పేస్ట్ మార్చడం తేలికే, కూలర్ ఊడదీయడమే గండం

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో రైజెన్ 5 3600 ప్రాసెసర్, దాంతోపాటు వచ్చిన కూలరే ఉన్నాయి. కొన్నాక ఎప్పుడూ విప్పలేదు. ఈ మధ్య గేమ్ మొదలుపెట్టిన కాసేపటికే వేడి 95 డిగ్రీలకు చేరి, ఫ్యాన్ గోల పెడుతోంది. ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే థర్మల్ పేస్ట్ నేనే మార్చుకోవచ్చా? టూత్‌పేస్ట్ రాసినా చాలంటాడు మా తమ్ముడు.

జవాబు: తమ్ముడి సలహా పక్కన పెట్టండి. టూత్‌పేస్ట్ మొదట్లో పనిచేసినట్టే ఉంటుంది, అందులో తడి ఆరగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. 95 మాత్రం పట్టించుకోవాల్సిన అంకే. మీ ప్రాసెసర్‌కు దాని తయారీ సంస్థ ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు అదే. అక్కడికి చేరితే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

అయితే స్క్రూడ్రైవర్ పట్టేముందు కూలర్ రెక్కల మధ్య టార్చి వేసి చూడండి. పేస్ట్ పోయిందంటూ నా బెంచీ మీదకొచ్చే మెషీన్లలో చాలావాటికి అసలు జబ్బు దుమ్మే. మెషీన్ ఆపి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్రష్‌తో దులపండి. వేడి దిగితే అక్కడితో ఆపేయండి. ఏటా పేస్ట్ మార్చి తీరాలన్న నియమం ఏమీ లేదు.

దిగలేదా, అప్పుడు విప్పండి. మీ మోడల్‌లో అసలు గండం ఇక్కడే ఉంది. 1331 పిన్నులూ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేస్తుంది కాబట్టి కూలర్‌ను నేరుగా పైకి లాగితే ప్రాసెసర్‌ను పట్టి ఉంచే సాకెట్ లివర్ వేసే ఉన్నా ప్రాసెసర్ దాంతోపాటే ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకే ముందు పది నిమిషాలు గేమ్ ఆడి పేస్ట్‌ను వేడెక్కించండి. తర్వాత ఆపి, కరెంటు వైరు తీసి, క్యాబినెట్‌ను పక్కకు పడుకోబెట్టండి. ఫ్యాన్ వైరు తీసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వరుసలో కొంచెం కొంచెంగా వదులు చేయండి. స్క్రూలన్నీ వచ్చాక బోర్డు వెనకున్న ప్లేటు జారిపోతుంది, దాన్ని చేత్తో పట్టుకోండి. ఇక కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా మెలితిప్పుతూ ఉంటే పట్టు వదులుతుంది.

పాత పేస్ట్‌ను ముందు పొడి టిష్యూతో తుడవండి. మిగిలింది 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో నూలు రాలని గుడ్డను తడిపి తీయండి. సీసా బోర్డు మీద ఒంపొద్దు. శుభ్రమయ్యాక వేలు తగిలించకండి, జిడ్డంటుతుంది.

కొత్త పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత చాలు, బిగిస్తే అదే పరుచుకుంటుంది. చూపుకు నున్నగా ఉన్నా రెండు లోహాల మధ్య సన్నటి గుంటలుంటాయి. వాటిలోని గాలి వేడిని సరిగా దాటనివ్వదు. ఆ ఖాళీలు పూడ్చడమే పేస్ట్ పని. మామూలు పేస్ట్ కాస్త ఎక్కువైతే అంచుల్లో కారి అసహ్యంగా ఉంటుందేమో గానీ నష్టం లేదు, మూలలకు అందనంత తక్కువైతేనే చిక్కు. పేస్ట్‌కు బదులు కొందరు వాడే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) జోలికి మాత్రం పోకండి. అందులోని గాలియం మీ అల్యూమినియం కూలర్‌ను తినేస్తుంది, పైగా బోర్డు మీద చుక్క పడితే షార్టే.

బిగించేటప్పుడూ అదే మూలల వరుస. ఆన్ చేయగానే ఫ్యాన్ ఎర్రర్ అని తెరమీద వస్తే టెన్షన్ పడకండి, వెంటనే ఆపి ఫ్యాన్ వైరు పెట్టారో లేదో చూడండి.