తోటచేపలు, ఒక స్పూను

ప్రశ్న: జూన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తూ దారిలో లిస్బన్‌లో ఒకరోజు ఆగుతున్నాం. మ్యూజియంలు తిరిగే ఓపిక లేదు, మా ధ్యాసంతా తిండి మీదే. చిక్కల్లా ఒకటే. మావారు అన్నీ తింటారు. నేను గుడ్డు దాకా వచ్చి ఆగిపోతాను. అక్కడ ఎటు చూసినా చేపలే అంటున్నారు. నేను బ్రెడ్డూ అరటిపండుతో సరిపెట్టుకోవాలా? మీకు ఆ ఊరంటే ఇష్టం కదా, మీరైతే ఆ రోజు ఎలా గడుపుతారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అరటిపండ్లు ఇంట్లోనే వదిలి వెళ్లండి. మా ఇంట్లోనూ సరిగ్గా మీ కథే. నేను గుడ్డు దగ్గర ఆగుతాను, మా ఆయన సముద్రంలో దేన్నీ వదలరు. మూడుసార్లు వెళ్లాం, మూడుసార్లూ ఒకే టేబుల్ మీద ఇద్దరం కడుపునిండా తిన్నాం.

పొద్దున హోటల్లో టిఫిన్ ముట్టకండి. కైష్ దు సొద్రే స్టేషన్లో లోకల్ రైలెక్కితే పది నిమిషాల్లోపే బెలెం. ట్రామ్ కూడా ఉంది గానీ కిక్కిరిసి ఉంటుంది. అక్కడ జెరోనిముష్ మఠం పక్కనే 1837 నుంచి నడుస్తున్న దుకాణం ఉంది, 'నాటా' అనే పేస్ట్రీలకి పుట్టిల్లు. బయట క్యూ చూసి టెన్షన్ పడొద్దు, అది కట్టించుకుపోయేవాళ్లది. లోపల నీలం టైల్స్ గదులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నేరుగా వెళ్లి కూర్చోండి. అరచేతిలో పట్టే గిన్నెలాంటి పేస్ట్రీ, అందులో గుడ్డు పచ్చసొన కస్టర్డ్, పైన అక్కడక్కడా మాడిన నల్లమచ్చలు. ఆ మచ్చలే రుచి. టేబుల్ మీదున్న దాల్చినచెక్క పొడి చల్లుకుని వేడి తగ్గకముందే కొరకండి, పొరలు చీర మీదంతా రాలతాయి, రాలనివ్వండి. మఠాల్లో బట్టలకి గంజి బదులు తెల్లసొన పెట్టేవారట, మిగిలిన పచ్చసొనలతో ఈ మిఠాయిలన్నీ పుట్టాయని చెబుతారు. కొన్ని దుకాణాల్లో పిండిలో పంది కొవ్వు కలిపే అలవాటు ఉంది కాబట్టి ఎక్కడ తిన్నా 'బాన్యా' ఉందా అని ఒక్కమాట అడగండి. పాలు ఎక్కువ పోసిన కాఫీ కావాలంటే 'గలావ్', చిన్న కప్పులో చిక్కటిది కావాలంటే 'బికా'.

తిరిగొచ్చాక రిబేరా మార్కెట్లో ఓ అరగంట చాలు. 2014లో ఒక సగాన్ని ఫుడ్ కోర్టు చేశారు, అది టూరిస్టులకి వదిలేసి కూరగాయల వైపు నడవండి. అనాసపండు మీద 'అననాష్' అని చీటీ కనిపిస్తే నవ్వొస్తుంది. ఆ మాటా, మేస్త్రీ, అల్మారా అన్నీ ఈ పోర్చుగీసు వాళ్ల ఓడల్లో దిగినవే.

ఇక మధ్యాహ్నం. మెనూకార్డు నాలుగు భాషల్లో ఉన్న హోటళ్లు వద్దు. అల్ఫామా అనే పాతపేట సందుల్లో 'టాష్కా' అనే చిన్న భోజనశాలలు ఉంటాయి, ఒంటిగంట లోపు చేరండి. మీరు అడగాల్సింది 'పైషీన్యూష్ ద ఓర్తా'. అంటే తోటలో చిన్నచేపలు. కంగారు పడకండి, అవి బీన్స్! పొడుగు బీన్స్‌ని గుడ్డూ మైదా పిండిలో ముంచి వేయిస్తారు, అచ్చం బజ్జీలే. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు జపాన్ పట్టుకెళ్లిన ఈ వంటే అక్కడ టెంపురా అయిందంటారు. దాంతోపాటు 'అసోర్డా' ఉంటే వదలకండి. ఎండిన బ్రెడ్డు ముక్కలు, వెల్లుల్లి, ఆలివ్ నూనె, పైన గుడ్డు, దండిగా కొత్తిమీర. యూరప్‌లో ఇంత కొత్తిమీర వాడే వంటలు నేను వేరే చూడలేదు. కొన్నిచోట్ల చేప ఉడికించిన నీళ్లు పోస్తారు, అందుకే 'సెం కార్న్, సెం పైష్' అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. 'సెం షోరీసు' కూడా విడిగా చెప్పాలి. సాసేజీని వాళ్లు మాంసం లెక్కలో వేయరు, నాకు ఆకుకూర సూపులో ఎర్రటి చక్రం తేలాక తెలిసింది.

మీవారికి జూన్‌లో ఇంకేం ఆలోచన, కాల్చిన సార్డీన్లే. చేపని బ్రెడ్డు ముక్క మీద పెట్టి తింటూ పోతే కారిన నూనెంతా అందులో ఇంకుతుంది, ఆ బ్రెడ్డు ఆఖర్న తినాలట. మా ఆయన దానికోసమే చేపలు తింటున్నాడేమో అనిపిస్తుంది. మీరు వెళ్లేది 12వ తేదీ అయితే సాయంత్రం అల్ఫామా అంతా పొయ్యిల పొగే, మర్నాడు సెయింట్ ఆంథొనీ పండగ.

ఒక జాగ్రత్త. కూర్చోగానే బ్రెడ్డు, ఆలివ్‌లు, చీజ్ తెచ్చి పెడతారు. మొదటిసారి అతిథి మర్యాద అనుకుని మొత్తం ఊడ్చేశాను, బిల్లులో ఒక్కోటీ విడివిడిగా వచ్చింది. వద్దంటే తీసుకుపోతారు, తాకకపోతే కట్టక్కర్లేదు.

భోజనం తర్వాత సావ్ దొమింగుష్ చర్చి ముందు, 1840 నుంచీ ఉన్న అరలాంటి కొట్లో 'జింజీన్యా' అని పుల్లచెర్రీల లిక్కర్ పోస్తారు. అలవాటుంటేనే సుమా. పళ్లతోనా, లేకుండానా అని అడుగుతారు.

రాత్రి మళ్లీ హోటల్ భోజనం పెట్టుకోకండి, పొట్ట ఒప్పుకోదు. మేం చేసేది చెబుతాను. చీజ్ కొట్టులో 'అజైతావ్' అని గుండ్రటి చిన్న బిళ్ల, ఓ బ్రెడ్డు కొనుక్కుంటాం. చాలా చీజ్‌లని దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు, మీలాంటివారికి అది ఇబ్బందే. ఈ గొర్రెపాల చీజ్‌ని మాత్రం ఒక ముళ్లమొక్క పువ్వుతో తోడుపెడతారు. పట్టుకుని గ్రాసా కొండ మీదికి ఎక్కండి. రాళ్లు పరిచిన వీధులు నున్నగా జారతాయి, పట్టున్న చెప్పులు వేసుకోండి. జూన్‌లో అక్కడ తొమ్మిదింటికి గానీ పొద్దుగూకదు. చీజ్ పైపెచ్చు మూతలా కోసి తీస్తే లోపలంతా మీగడలా ఉంటుంది, చాకుతో లాభం లేదు. అందుకే మీ హ్యాండ్‌బ్యాగులో ఇప్పుడే ఒక స్పూను వేసేసుకోండి, మేం మొదటిసారి ఏటీఎం కార్డుతో తోడుకుని తిన్నాం.