కొండదారి పట్టబోతున్న మేనకోడలికి

జయపురం

చిరంజీవి అమ్మడికి మేనత్త ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాను శ్రద్ధగా చదివాను. పర్లాకిమిడిలో బయల్దేరి నాలుగు రోజుల్లో మహేంద్రగిరి, దేవమాలి కొండలు, డుడుమా జలపాతం, గుప్తేశ్వరం గుడి, కాంగేర్ లోయ అడవి, చిత్రకోట్ జలపాతం అన్నీ చుట్టేసి ఇంటికొచ్చేయాలని రాశావు. నువ్వూ నీ స్నేహితురాలూ సొంతంగా కారు నడుపుకుంటూ కొండలు చూడాలనుకోవడం నాకు ఎంతో సంతోషం. మీ నాన్న కాస్త నసిగితే, పిల్లల్ని వెళ్ళనియ్యిరా అని నేనే గట్టిగా చెప్పాను. అందుకే ఈ ఉత్తరం రాసే బాధ్యత కూడా నాదే. అమ్మడూ, మీ ప్లానులో సగం చోట్లు కొట్టెయ్యండి. ఇంకో రోజు కలుపుకోండి.

నర్సు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒడిశాలోని ఈ కోరాపుట్ జిల్లా ఘాట్ రోడ్ల మీద జీపుల్లో తిరిగాను. సెలవులు దొరికితే నా తోటి నర్సు ఒకావిడా నేనూ ఇలాగే ఇద్దరమే బయల్దేరేవాళ్ళం. కొండల్లో కిలోమీటర్లు లెక్కలోకి రావు, గంటలే లెక్క. ఫోన్లో మ్యాపు మూడు గంటలంటే మీరు నాలుగున్నర అని రాసుకోండి. ముందు లోడు లారీ పడితే దాన్ని దాటడానికి చోటుండదు. మేకలు అడ్డొస్తాయి. పొద్దున మంచు పడితే ఎనిమిదైనా ఎదుటి బండి కనిపించదు. పైగా ఈ చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి. నాలుగున్నర దాటాక స్టీరింగ్ మీ చేతిలో ఉండకూడదు, ఆ వేళకి ఆ రాత్రి ఉండే చోటికి చేరిపోవాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మీ ప్లానులో ఏది నిలుస్తుందో, ఏది రాలిపోతుందో మీకే తెలిసిపోతుంది.

మొదటి రోజు గుణుపురం, రాయగడ, లక్ష్మీపూర్, కాకిరిగుమ్మ మీదుగా నేరుగా మా ఇంటికి వచ్చేయండి. దారిలో రాయగడ మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకోండి, చాలు. రెండో రోజు బొరిగుమ్మ, కొట్పాడ్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్. అక్కడ లాడ్జిలో సామాను పడేసి మధ్యాహ్నం చిత్రకోట్ చూసి, వెలుగుండగానే వెనక్కి వచ్చేయండి. మూడో రోజంతా కాంగేర్ లోయకే. నాలుగో రోజు కోరాపుట్ దాటి సిమిలిగుడలో బస. అయిదో రోజు తెల్లవారాక దేవమాలి ఎక్కి, సుంకి ఘాట్ దిగి సాలూరు, పార్వతీపురం మీదుగా ఇల్లు. మహేంద్రగిరి మీ ఊరి కొండే కదా, 1501 మీటర్ల ఎత్తు, ఏ ఆదివారమైనా వెళ్ళొచ్చు. గుప్తేశ్వరానికి శివరాత్రికి నాతో వద్దువుగాని. మ్యాపులో చూస్తే గుప్తేశ్వరం నుంచి కాంగేర్ అడవి పక్కనే ఉన్నట్టు ఉంటుంది, కానీ మధ్యలో శబరి నది ఉంది. కారుతో ఆ దారిని నమ్ముకోవద్దు. డుడుమా గురించి నువ్వు బాధపడతావని తెలుసు. మాచ్‌ఖండ్ కరెంటు కోసం జలపాతానికి పైనే నీళ్ళు మళ్ళిస్తారు కాబట్టి వానలు వెళ్ళాక ధార సన్నబడుతుంది. 175 మీటర్ల లోయలోకి నీళ్ళు దూకడం చూడాలంటే వానలు వెనకబడుతున్న రోజుల్లో రావాలి. అప్పుడు దాని కోసమే రండి.

ఇక కారు. బయల్దేరే ముందు రోజు మీ మెకానిక్కు చేత బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిలు, కూలెంటు చూపించు. స్టెప్నీలో గాలి ఉందో లేదో చాలామంది చూడరు, నువ్వు చూడు. జాకీ పెట్టి చక్రం విప్పడం మీ ఇద్దరూ ఇంటి దగ్గరే ఒకసారి చేసి చూసుకోండి. పెట్రోలు సగానికి దిగిందంటే కనిపించిన బంకులో నింపించెయ్యండి.

ఘాట్‌లో దిగేటప్పుడు ఏ గేర్లో ఎక్కేవాళ్ళో ఆ గేర్లోనే దిగాలి. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్లో వదిలేవాళ్ళని చాలామందిని చూశాను. బండి బరువంతా బ్రేకు మీద పడి ప్యాడ్లు కాలిపోతాయి. సుంకి ఘాట్‌లో సాలూరు వైపు దిగుతుంటే ఒక మాడు వాసన తగులుతుంది. ముందున్న లారీదేమో అనుకుంటాం. కిటికీ దించి చూడు, లారీ దూరంగా ఉన్నా వాసన వస్తోందంటే అది మీ బండిదే. బ్రేకు పెడల్ కాలికింద మెత్తగా లోపలికి దిగిపోతోందంటే ఇంక ఆలోచించొద్దు. గేరు తగ్గించి, వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆపి, అరగంట చల్లారనివ్వండి. చక్రాల మీద నీళ్ళు మాత్రం పోయకండి, వేడి డిస్కు పగులుతుంది. ఆ ఘాట్ మీకు చివరి రోజున వస్తుంది. అప్పటికి ఒళ్ళు అలిసిపోయి, ఇల్లు దగ్గరపడిందన్న తొందర ఉంటుంది. అందుకే ఆ రోజు ఇద్దరిలో బాగా నిద్రపోయినవాళ్ళే నడపాలి. ఇరుకు రోడ్డులో ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి, దిగేవాళ్ళే ఆగాలి. మలుపు మలుపుకీ హారను కొట్టు. మంచులో హెడ్‌లైటు డిమ్ములోనే ఉంచు, బ్రైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు.

నీ స్నేహితురాలికి బస్సులోనే కడుపు తిప్పుతుందని ఆ మధ్య చెప్పావు. పొద్దున్నే రెండు ఇడ్లీలు మించి తిననివ్వకు, ముందు సీట్లో కూర్చోబెట్టు, ఫోను చూడొద్దను. చూపు దూరంగా రోడ్డు మీదే ఉండాలి. వాంతుల మాత్ర డాక్టర్ని అడిగి వేసుకోవచ్చు, కానీ అది నిద్ర తెస్తుంది. అది మింగిన పూట ఆమె స్టీరింగ్ ముట్టుకోకూడదు.

రోడ్డు కన్నా నేను ఎక్కువగా ఆలోచిస్తున్నది మీ ఇద్దరి గురించి. ఎంత ప్రాణ స్నేహితులైనా అయిదు రోజులు ఒకే కారులో, ఒకే గదిలో ఉంటే చిన్న విషయాలే పెద్దవవుతాయి. ఒకరికి పొద్దున్నే లేవాలని ఉంటుంది, ఒకరికి ఉండదు. ఒకరు ప్రతి మలుపులో ఫోటోకి ఆపమంటారు. కాబట్టి కొన్ని ముందే మాట్లాడుకోండి. డబ్బు చెరిసమానంగా ఒక సంచీలో వెయ్యండి, ఖర్చు ఆ సంచీలోంచే తియ్యండి, ఏ రాత్రి లెక్క ఆ రాత్రే రాసుకోండి. నడిపేవాళ్ళకి పక్కన కూర్చున్నవాళ్ళు దారి చెప్పాలే గాని, నడపడం నేర్పకూడదు. రోజులో ఒక గంటైనా ఎవరి మానాన వాళ్ళు ఉండండి. ఒకరు వాగు ఒడ్డున కూర్చుంటే ఇంకొకరు టీ కొట్టు దగ్గర కూర్చోండి, అది అలక కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. వాగు దాటాలా వద్దా, ఈ దారిలో ముందుకెళ్ళాలా వద్దా అని ఇద్దరికీ రెండు మాటలొస్తే, భయపడినవాళ్ళ మాటే చెల్లాలి. వాదన ఉండకూడదు, తర్వాత ఎగతాళీ ఉండకూడదు. నా తోటి నర్సూ నేనూ ఈ కట్టుబాటు మీదే ఇన్నేళ్ళు కలిసి తిరిగాం. ధైర్యం ఎక్కువున్నది ఆవిడకే, అయినా నేను వద్దన్న చోట ఎప్పుడూ ఒక్క మాట అనకుండా బండి తిప్పేది. ఆ స్నేహం ఇప్పటికీ అలాగే ఉంది.

కాంగేర్ లోయని 1982లో జాతీయ ఉద్యానవనం చేశారు. 200 చదరపు కిలోమీటర్లే, కానీ సాల్ చెట్లూ టేకూ వెదురూ కలిసి దట్టంగా ఉంటుంది. అక్కడి కొండమైన ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి. నల్లటి ఒళ్ళు, మెడ దగ్గర పసుపు తోలు, మనిషి గొంతుని అచ్చంగా అనుకరిస్తుంది. అది వినపడాలంటే కారు పాటలు ఆపి, ఇంజను ఆపి, అద్దాలు దించి కూర్చోవాలి. పావుగంట ఏమీ జరగనట్టే ఉంటుంది, తర్వాత అడవి మెల్లగా మాట్లాడడం మొదలుపెడుతుంది. పరుగుమీద వెళ్ళేవాళ్ళకి అది దక్కదనే మూడో రోజంతా దానికే వదలమన్నాను.

ఆ అడవిలోనే ఉన్న కుటుంసర్ గుహ వానాకాలంలో మూసేసి, వానలు వెళ్ళాక తెరుస్తారు. బయల్దేరే ముందు జగదల్‌పూర్ అటవీశాఖ ఆఫీసుకి ఫోన్ చేసి తెరిచారో లేదో కనుక్కోండి. గైడు లేకుండా లోపలికి వెళ్ళనివ్వరు. సందు ఇరుకు, మెట్లు జారతాయి, లోపల ఉక్కగా ఉండి ఊపిరి బరువెక్కుతుంది. పట్టుండే బూట్లు వేసుకోండి. నీ స్నేహితురాలికి ఉబ్బసం లాంటిదేమైనా ఉంటే బయటే ఉండిపొమ్మను. లోపల నీటి గుంటల్లో పాలిపోయిన చిన్న చేపలుంటాయి. తరతరాలుగా చీకట్లోనే బతికి వాటి కళ్ళు కుంచించుకుపోయాయి. వాటి మీద టార్చి వేసి ఆడుకోవద్దు. పైనుంచి వేలాడే సున్నపురాతి ఊడల్ని చేత్తో ముట్టుకోవద్దు, మన చేతి జిడ్డు అంటితే అక్కడ రాయి పెరగడం ఆగిపోతుంది. తీరథ్‌గఢ్ జలపాతం కింది నుంచి చూస్తేనే అందం, పై అంచుకి వెళ్ళే పని పెట్టుకోకండి. అక్కణ్ణుంచి సుక్మా వైపు ముందుకు పోవద్దు. 2013లో ఝీరమ్ ఘాటీ మావోయిస్టుల దాడి జరిగింది ఆ రోడ్డు మీదే. ఎక్కడైనా జవాన్లు ఆపితే బండి కాగితాలు చూపించి, అడిగినదానికి నెమ్మదిగా జవాబు చెప్పండి. వాళ్ళ క్యాంపుల ఫోటోలు తియ్యకండి.

ఏనుగులు మీకు కొత్త కాదు. గజపతి జిల్లా లఖారీ అడవి నుంచి దిగిన గుంపే శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఏళ్ళ తరబడి తిరుగుతోంది. గుణుపురం దారిలోనూ, చివరి రోజు పార్వతీపురం దగ్గరా జాగ్రత్త. రోడ్డు మీద విరిగిన వెదురు, ఇంకా ఆవిరొస్తున్న పేడ కనిపిస్తే ఏనుగు దగ్గర్లోనే ఉంది. అలాంటప్పుడు వంద మీటర్ల ఇవతలే ఆగి, హారను కొట్టకుండా, లైట్లు ఆడించకుండా, రివర్సు వేసుకోవడానికి వెనక చోటు ఉంచుకోండి. గున్న ఉంటే ఇంకా దూరం. కారు దిగి ఫోను ఎత్తావని తెలిస్తే మాత్రం ఈ మేనత్త నీతో మాట్లాడదు.

దారిలో సంతలు తగిలితే ఆగండి. చోడి అంబలి తాగండి, ఎండలో అంతకన్నా మంచిది లేదు. జీలుగు కల్లు, ఇప్పసారా ఎవరైనా ఆప్యాయంగా ఇస్తే దణ్ణం పెట్టి బండి నడపాలని చెప్పండి, అర్థం చేసుకుంటారు. జొహార్ అని పలకరిస్తే మొహాలు విచ్చుకుంటాయి. కానీ గదబ, పరజ, కొంధు ఆడవాళ్ళు నగలు పెట్టుకుని కూర్చున్నారు కదా అని అడక్కుండా ఫోటోలు తియ్యొద్దు. ఉద్యోగంలో ఉండగా టూరిస్టులు కెమెరాలతో మీదికి వస్తుంటే వాళ్ళు మొహం తిప్పుకోవడం కళ్ళారా చూశాను. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. వాళ్ళ దగ్గర ఏదైనా కొనండి, బేరమాడకండి.

దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. పైన గాలికి స్వెట్టరు ఒక్కటీ చాలదు, చెవులకి మఫ్లరు తప్పనిసరి. గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి నిప్పు రాజెయ్యొద్దు. మీ చిప్స్ ప్యాకెట్లు, నీళ్ళ సీసాలు మీ కారులోనే కిందికి రావాలి.

నర్సుగా ఒక మాట. ఈ కొండల్లో మలేరియా తగ్గింది గాని పోలేదు. ఇక్కడ దొరికే ఫాల్సిపారం రకం మెదడుకి ఎక్కగలదు. ఆ దోమ కొండవాగుల్లో పెరిగి రాత్రిపూట కుడుతుంది. సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు, దోమల మందు, గదిలో దోమతెర. జ్వరం దోమ కుట్టిన రోజే రాదు, పది పదిహేను రోజులకి వస్తుంది. ఇంటికెళ్ళాక నెలలోపు ఇద్దరిలో ఎవరికి జ్వరమొచ్చినా పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, కోరాపుట్, జగదల్‌పూర్ ఉన్న బస్తర్ వెళ్ళొచ్చామని డాక్టరుకి నోరు తెరిచి చెప్పండి. ఆ మాట చెప్పక ఆలస్యమైన కేసులు చూశాను.

అడవిలో చాలా చోట్ల సిగ్నలు ఉండదు. మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రాయగడ, కోరాపుట్, జగదల్‌పూర్, సాలూరు చేరగానే మెసేజి పెట్టండి. రాత్రి ఏడైనా మాట లేకపోతే నేను మీ లాడ్జికి ఫోన్ చేస్తాను, అక్కడా లేరంటే 112కి చేస్తాను. కాబట్టి లాడ్జి పేర్లు, నంబర్లు, కారు నంబరు, మీ ఇద్దరి బ్లడ్ గ్రూపులు ఈ వారంలోనే నాకు పంపు. నీ స్నేహితురాలి అమ్మగారి నంబరు కూడా. ఒకసారి ఆవిడతో నేనే మాట్లాడతాను, ధైర్యంగా ఉంటుంది.

మొదటి రాత్రి మా ఇంట్లోనే కాబట్టి కొలాబ్ చేపల పులుసు పెడదామనుకుంటున్నాను. ఆ అమ్మాయి చేపలు తింటుందో లేదో కనుక్కో, తినకపోతే పనసపొట్టు కూర చేస్తాను.

ఇట్లు,
మీ మేనత్త