ఇది పెరిమెనోపాజేనా? నాకు జవాబు దొరికింది గోడ క్యాలెండరులో

మీకు 41 ఏళ్లని, ఎనిమిది నెలలుగా తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదని, గుండెదడ, వేళ్ల కీళ్లలో నొప్పి, పట్టలేనంత కోపం ఉన్నాయని, నెలసరి ఒకసారి 24 రోజులకు, మరోసారి 35 రోజులకు వస్తోందని రాశారు. రక్తపరీక్ష, ఈసీజీ బాగానే ఉన్నాయి కనుక ఇదంతా ఒత్తిడేనని డాక్టరు పంపించేశారని, ఇది పెరిమెనోపాజ్, అంటే నెలసరి పూర్తిగా ఆగడానికి ముందు మార్పులు వచ్చే దశ కావచ్చా, ఇంత త్వరగా వస్తుందా అని అడిగారు. కావచ్చు. నాకు 42వ ఏట ఇలాగే మొదలైంది, ఇప్పుడు 48. నేను డాక్టరును కాను, ఆదిలాబాద్ జిల్లాలో లెక్కల ఉపాధ్యాయురాలిని. నాకు జరిగినదీ, తరువాత డాక్టరును అడిగి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

ముందు వయసు సంగతి చూద్దాం. నెలసరి ఆగే వయసు 51 అని చాలాచోట్ల చదువుతాం, అది పాశ్చాత్య దేశాల సగటు. మన దేశంలో అది 46, 47 ఏళ్ల దగ్గరే ఉంటుంది. పూర్తిగా ఆగడానికి నాలుగైదేళ్ల ముందు నుంచి, కొందరిలో ఏడెనిమిదేళ్ల ముందు నుంచే మార్పులు మొదలవుతాయి కనుక 41 అనేది వింతపడవలసిన వయసు కాదు. 40 లోపే నెలసరి తప్పుతూ ఉంటే మాత్రం అది వేరే విషయం, దానికి ఆలస్యం చేయకుండా పరీక్షలు చేయించుకోవాలి.

ఇంట్లో అమ్మకు ఎప్పుడు ఆగిందో తెలిస్తే మనకు కొంత అంచనా దొరుకుతుంది. నేను మా అమ్మను అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు, ఎందుకంటే 36వ ఏటనే ఆమెకు గర్భసంచి తీసేశారు. చివరకు పెద్దమ్మను అడిగాను. "నలభై నాలుగు నిండకుండానే ఆగిపోయింది, అంతకుముందు రెండేళ్లు రాత్రిళ్లు లేచి గడపలో కూర్చునేదాన్ని" అన్నది. ఆ ఒక్క మాటతో నాకు సగం ధైర్యం వచ్చింది.

నాకు మొదట తెలిసింది తరగతి గదిలోనే. సంక్రాంతి సెలవులకు ముందు వారం, ఉదయం మొదటి పీరియడు, పిల్లలందరూ స్వెట్టర్లలో ఉన్నారు. బోర్డు మీద సమీకరణం రాస్తూ ఉండగా గుండెల దగ్గర మొదలైన వేడి మెడ మీదుగా చెవుల దాకా ఎగబాకింది, రెండు నిమిషాలలో జాకెట్టు వీపున తడిసిపోయింది, ఆ తరువాత చలి వేసి చేతులు వణికాయి. ఇంట్లో అందరూ వేడి చేసిందన్నారు. నెల రోజులు సబ్జా గింజల నీళ్లు, మజ్జిగ తాగాను. వాటివల్ల నష్టమేమీ లేదు కానీ ఇది ఆ వేడి కాదు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎగుడుదిగుడుగా ఉన్నప్పుడు, శరీరపు వేడిని అదుపు చేసే మెదడు భాగం కొద్దిపాటి మార్పుకే ఉలిక్కిపడి చెమట పట్టిస్తుంది. మీకు ఈ ఆవిర్లు లేవని రాశారు. అవి లేకుండా నిద్ర, మనసు, కీళ్ల బాధలతోనే మొదలయ్యేవారూ ఉన్నారు.

నాకు అసలు ఉపయోగపడింది వంటింటి గోడకున్న క్యాలెండరు. నెలసరి వచ్చిన రోజుకు ఎర్ర సిరాతో సున్నా, నిద్ర లేని రాత్రికి నీలి గీత, గుండెదడకు పెన్సిలు చుక్క పెట్టాను. నాలుగు నెలలు తిరిగేసరికి నీలి గీతలన్నీ ఎర్ర సున్నాలకు ముందున్న నాలుగైదు రోజులలోనే గుంపుగా కనిపించాయి. పెన్సిలు చుక్కలు మాత్రం ఏ వరసా లేకుండా నెలంతా పరుచుకుని ఉన్నాయి. వెంట వెంట వచ్చే నెలసరుల నిడివిలో ఏడు రోజులో అంతకు మించో తేడా పదే పదే వస్తుంటే దానిని ఈ దశకు తొలి గుర్తుగా చూస్తారని నేను తరువాత వెళ్లిన రెండవ డాక్టరు చెప్పారు. మీ 24, 35 రోజుల తేడా ఇంకొకసారి కూడా వచ్చిందేమో చూసుకోండి.

ఆ చుక్కలకు కారణం వేరే ఉంది. మెట్లు ఎక్కినప్పుడల్లా వచ్చే దడ, నెలసరిలో ఎక్కువగా పోతున్న రక్తం వల్ల హిమోగ్లోబిన్ 8.6కు దిగడంతో వచ్చినది. మూడు నెలలు ఐరన్ మాత్రలు వాడాక ఆ దడ తగ్గింది, తెల్లవారుజాము మెలకువ మాత్రం తగ్గలేదు. అంటే రెండు సమస్యలు ఒకేసారి ఉన్నాయి, నేను రెండింటినీ ఒకటే అనుకున్నాను. అందుకే మీ రక్తపరీక్షలో ఏమేమి చూశారో కాగితం తీసి చదవమని కోరుతున్నాను. చాలాసార్లు అది సీబీపీ (రక్తకణాల లెక్క), షుగరు వరకే ఉంటుంది. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఒంట్లో ఇనుము నిల్వకు ఫెరిటిన్, బి12, విటమిన్ డి కూడా చూడమని అడగండి. థైరాయిడ్ తేడా కూడా దడనీ, నిద్రలేమినీ, నెలసరి మార్పునూ తెస్తుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ తక్కువగా ఉండవచ్చు. ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) పరీక్ష గురించి కూడా అడుగుతారేమో. ఆ విలువ ఈ దశలో నెలనెలా మారిపోతుంది కాబట్టి మామూలుగా ఉందని వచ్చినంత మాత్రాన పెరిమెనోపాజ్ కాదని అనుకోనవసరం లేదు. నెలసరి తప్పితే ముందుగా గర్భ పరీక్ష చేసుకోండి, ఈ దశలో గర్భం రాదన్నది నిజం కాదు.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నేను వెళ్లిన మొదటి డాక్టరు స్కాన్ రిపోర్టు చూసి, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీయించేసుకుంటే బాధే ఉండదన్నారు. అమ్మ గుర్తొచ్చి ఒప్పుకోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద దాదాపు 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం ఉన్నారు. ఆ లెక్కలో మా అమ్మలాంటివారు ఎందరున్నారో అనుకుంటేనే నాకు గుండె బరువెక్కుతుంది. గర్భసంచి తీసేస్తే నెలసరి ఆగుతుంది కానీ ఆవిర్లు, నిద్రలేమి దానితో పోవు. అండాశయాలు కూడా తీసేస్తే ఆ బాధలు ఒక్కసారిగా మీద పడతాయి, ఎముకలూ త్వరగా బలహీనపడతాయి. ఆ ఆపరేషన్ తప్పనిసరైన జబ్బులు ఉన్నాయి, కాదనను, కానీ కనీసం ఇద్దరు డాక్టర్లు చెప్పకుండా సంతకం పెట్టకండి. నా విషయంలో రెండవ డాక్టరు గర్భసంచి లోపలి పొరను పరీక్షకు పంపి, ప్రమాదం లేదని తేలాక, రక్తం ఎక్కువగా పోయే రోజులకు ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు ఇచ్చారు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ అనే మార్గం కూడా ఉందని వివరించారు. గంట గంటకు ప్యాడ్ మార్చవలసి వచ్చినా, పెద్ద గడ్డలు పడినా, నెలసరుల మధ్య రక్తం కనిపించినా మీరు ఈ క్యాలెండరు పనులేవీ పెట్టుకోకుండా వెంటనే వెళ్లండి.

హార్మోన్ చికిత్స నేను తీసుకోలేదు, ఆవిర్లు భరించగలిగేంతలోనే ఉన్నాయి. తీసుకోవడం తప్పేమీ కాదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం వంటివి మీకు గానీ కుటుంబంలో గానీ ఉన్నాయేమో ముందు చెప్పాలి, గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ కూడా ఇస్తారు.

నాకు చివరి నెలసరి వచ్చి ఏడు నెలలైంది. వరసగా 12 నెలలు రాకపోతేనే పూర్తిగా ఆగినట్టు లెక్క, మధ్యలో వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి. అందుకని వంటింటి క్యాలెండరు పక్కన ఎర్ర పెన్ను ఇంకా వేలాడుతూనే ఉంది.